తాత తొట్టిలో నీళ్లు

మా చిన్నప్పుడు... తొలకరి పడిన మర్నాడు పొద్దున్నే మా వాకిట్లో కర్రులు వరసగా పడుకుని ఉండేవి. నాగలి మొనకు తొడిగే ఇనప కర్రులు. అరిగిపోయి, మొండిబారి, ఒక్కొక్కటీ ఒక్కో రైతుది... ఏది ఎవరిదో మా తాత చేత్తో తడిమి చెప్పేసేవాడు.

రాజాం దగ్గర మా ఊరు. మా తాత సూరయ్య కమ్మరి. మా ఊరి గరువు భూములన్నీ ఎర్రమట్టి, గులకరాళ్లు. ఆ నేలలో నాలుగు రోజులు దున్నితే చాలు, మామూలు ఇనుము అరిగి వేలెడు మిగిలేది. అందుకని తాత పాత లారీ కమాను పట్టీ ముక్కను కర్రు కొసకు అతికేవాడు. దాన్ని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచేవాడు. సుయ్య్య్... మని పొడుగ్గా ఒక చప్పుడు. ఆ చప్పుడు వింటూ ఎన్ని పొద్దులు నిద్ర లేచానో...

"మెత్తగుంటే అరిగిపోద్ది, మరీ గట్టిదైతే ఇరిగిపోద్ది. మద్దిన నిలబెట్టాల," అనేవాడు తాత.

ఆ మధ్యన నిలబెట్టేది కొలిమి పక్కనున్న రాతి తొట్టిలో నీళ్లేనని ఊరంతా నమ్మకం. ఎన్నేళ్ల నాటి నీళ్లో... నల్లగా, పైన నూనె తేలుతూ, ఎప్పుడూ గోరువెచ్చగా ఉండేవి. తరిగితే ఒక చెంబు పోసేవారు తప్ప ఎవరూ పారబోసేవారు కాదు. నన్నైతే ఆ దరిదాపులకు రానిచ్చేవారు కాదు.

వద్దంటే ఆగే రకమా నేను...

ఒక మధ్యాహ్నం తాత బొగ్గుల కోసం రాజాం వెళ్లాడు. మామ్మ కునుకు తీస్తోంది. నేను కొలిమి పాకలో కూర్చుని గవ్వలాడుకుంటున్నాను. ఒక గవ్వ ఎగిరి తొట్టిలో పడింది. ఆ నల్లటి నీళ్లలో చెయ్యి పెట్టాలంటే భయం. గవ్వ వదులుకోవడానికి మనసొప్పలేదు. తొట్టి అడుగున గుడ్డ కుక్కిన చిన్న కంత ఉండేది. ఆ గుడ్డ లాగేశాను.

గవ్వ దొరికింది. నీళ్లు మొత్తం పోయాయి.

తాత వచ్చేలోగా చిన్న బిందెతో బావి నుంచి మోసి మోసి తొట్టి నింపాను. నీళ్లు తేటగా, అడుగు కనిపిస్తూ... చూస్తే తాత పట్టేస్తాడు. బొగ్గు నలిపి, పొడి చేసి కలిపేశాను. మళ్లీ నల్లగా అయ్యాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మర్నాడు పొద్దున ఐదారుగురు రైతులు కాచుకుని ఉన్నారు. తాత మొదటి కర్రు ముంచాడు. పొడుగ్గా రావాల్సిన చప్పుడు టప్పున తెగిపోయింది. తాత చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తొట్టిలోకి చూశాడు. నల్లగానే ఉంది.

"బేగి కానీ మావా, తడి ఆరిపోతన్నాది," అన్నారెవరో. తాత రెండోది ముంచాడు.

మధ్యాహ్నానికల్లా సిమ్మాద్రి అనే రైతు తువ్వాల్లో కర్రు చుట్టుకుని వచ్చాడు.

"రెండు సాళ్లు దున్ననేదు మావా... బెల్లమ్ముక్కనాగ ఇరిగిపోనాది."

అతని వెనకే ఇంకొకరు... ఇంకొకరు...

"ముసిలోడికి సెయ్యి తప్పిపోనాది. ఇంక రాజాం అట్టుకెళ్లిపోడమే," అన్నారు వెనకనుంచి. మెల్లిగానే అన్నారు గానీ అందరికీ వినిపించింది. మా తాతను అంత మాట అనగా వినడం నాకదే మొదలు. తేలు కుట్టిన దొంగలా గుంజ చాటున నిలబడ్డాను.

తాత తొట్టిలో మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. తీసి వేళ్లు రుద్దుకుని చూశాడు. బొగ్గు పొడి. తలెత్తి నా వైపు చూశాడు. నా గోళ్లలో ఆ నలుపు ఇంకా వదల్లేదు.

అందరి ముందూ చెప్పేస్తాడనుకున్నాను...

"నీళ్లు నానే మార్సినాన్రా," అన్నాడు తాత. "సప్పుడు తేడా వచ్చినా ఆగనేదు. తప్పు నాదే. కర్రులన్నీ ఇలా పడెయ్యండి."

ఆ రోజు తాత అన్నం కూడా తినలేదు. ఇనప ముద్దలు ఎర్రగా కాల్చి నీళ్లలో వేసి వెచ్చబెట్టాడు. కాస్త నూనె పోశాడు. విరిగిన కొసలు మళ్లీ అతికాడు. మామ్మ కొలిమి తిత్తి ఊదుతూనే ఉంది. ఆఖరి కర్రు ముంచేసరికి పొద్దు గూకుతోంది. సుయ్య్య్... మని ఆ పొడుగాటి చప్పుడు తిరిగొచ్చింది. నాకు ఏడుపొచ్చేసింది.

అందరూ వెళ్లాక తాత నన్ను పిలిచాడు.

"అందల ఏటి పడిపోనాదే?"

"గవ్వ."

"దొరికినాదా?"

"దొరికినాది తాతా."

"అయితే సరే," అని తల నిమిరాడు. "కొత్త నీళ్లకి తొందరెక్కువ తల్లీ. ఒక్కసారే సల్లబెట్టీస్తాయి. ఉక్కు తట్టుకోనేదు."

అంతే. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఆ కర్రులు ఆ ఏడాదంతా నిలిచాయి. మాట మాత్రం అంతకన్నా గట్టిగా నిలిచిపోయింది. రెండు మూడు ఇళ్లవాళ్లు రాజాం వెళ్లడం మొదలెట్టారు. నలుగురు చేరితే "సూరయ్య కర్రులు ఇరిగిన ఏడు" అని నవ్వుకునేవారు. తాత కూడా వాళ్లతో కలిసి నవ్వేవాడు. నేనే లేచి వెళ్లిపోయేదాన్ని.

ఇప్పుడు మా తమ్ముడికి రాజాంలో వెల్డింగ్ షాపు. రోటావేటర్ బ్లేడ్లు, కల్టివేటర్ పళ్లు తొందరగా అరగకుండా ప్రత్యేకమైన రాడ్డుతో పైన గట్టి పూత వేస్తాడు. నీలం వెలుగు, చిటపటలు... ఆ పనికి తొట్టి అక్కర్లేదు. తాత తొట్టి షాపు ముందు చేతులు కడుక్కోవడానికి ఉంది. ఇప్పుడు బ్లేడు విరిగితే కంపెనీని తిట్టుకుంటారు... అప్పుడు ఒక మనిషి చేతిని అనేవారు.

మొన్న షాపుకి వెళితే, బ్లేడ్లు తెచ్చిన ఒక ముసలాయన నన్ను గుర్తుపట్టాడు. "మీ తాత మంచి పనోడమ్మా... ఆ ఒక్క ఏడే..." అని నవ్వాడు. తాత పోయి ఎన్నేళ్లో అయింది. అయినా తప్పు నాదని చెప్పకుండానే వచ్చేశాను. సిగ్గేసింది. ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను.

మీ తప్పు తన నెత్తినేసుకుని నవ్వేసిన పెద్దమనిషి మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు... వాళ్ల సంగతి కింద రాయండి. ఆలస్యమైనా పర్లేదు, నేనూ ఆలస్యమే.

మా ఊరివాళ్లెవరైనా చూస్తుంటే, ఫోను చదవలేని పెద్దవాళ్లకు ఈ రెండు ముక్కలూ చదివి వినిపించండి.

ఆ ఏడు మా తాత చెయ్యి తప్పలేదు. నీళ్లు మార్చింది నేను.