పరదేశిగారికి గ్యారంటీ కావాలి

పరదేశిగారు గ్యారంటీ లేనిదే ఏదీ కొనరు. మిక్సీకి, మోటారు పంపుకి అందరూ అడుగుతారు. ఆయన వంకాయలకి కూడా అడుగుతారు.

"పుచ్చులుండవని గ్యారంటీయేనా, దేముడమ్మా?"

"కాయలోకెల్లి సూసొచ్చేనేటి బాబూ?" అనేది కూరలమ్మే ఆవిడ.

"మరెలా కొనడం?" అని విసుక్కుంటూనే సంచీ చాపేవారు. మంగలి షాపులో కూర్చుంటే అక్కడా అదే. "మళ్ళీ ఎన్నాళ్ళదాకా రానక్కర్లేదు? గ్యారంటీ సెప్పు." మంగలి ఆయన తలని నాలుగు వైపులా చూసి, "ఉన్న జుట్టుని బట్టి సూస్తే ఈ ఏడాదికి ఫరవాలేదు బాబూ," అన్నాడు. కూతురి పెళ్ళికి ముహూర్తం పెడుతుంటే, ఆరోజు వాన పడదని గ్యారంటీ ఇమ్మన్నారు. పురోహితుడు పంచాంగం మూసేసి, షామియానావాడినడగమన్నాడు.

ఆ పెళ్ళికి వరుడు ధర్మతేజ. పెళ్ళిచూపులనాడు అందరూ జీతం, జాతకం అయ్యాక లడ్డూల దగ్గరికి వస్తుండగా పరదేశిగారు గొంతు సవరించుకున్నారు. "బాబూ, నీ మీద గ్యారంటీ ఎవరిస్తారు?" ధర్మతేజ వాళ్ళ నాన్న వైపు చూశాడు. వాళ్ళ నాన్న లడ్డూల వైపు చూశాడు. గదిలోంచి ప్రవల్లిక ఫక్కున నవ్వింది. పిల్ల మొహమింకా సరిగ్గా చూడకముందే, ఆ నవ్వుకే ధర్మతేజ ఈ సంబంధం ఖాయం చేసుకున్నాడు. మావగారు కూడా కట్నం కింద వస్తారన్న సంగతి అప్పటికి తట్టలేదు.

ధర్మతేజ ఉద్యోగం అనకాపల్లిలో, ఒక ప్రైవేటు బ్యాంకులో. కాపురం చోడవరంలో, మావగారింటికి రెండిళ్ళ అవతల. రోజూ బస్సులో వేలాడలేక మోటారుసైకిలు కొనాలనుకున్నాడు. ఒక్కడూ వెళ్ళి తెచ్చేసుకుందామన్నది అతని పథకం.

"నాన్నకి సెప్పకుండా కొంటే బండికెలాగున్నా నీకుండదు గ్యారంటీ," అంది ప్రవల్లిక.

అలా మావా అల్లుళ్ళిద్దరూ షోరూముకి వెళ్ళారు. అమ్మకాల బల్ల దగ్గర షర్మిల అనే అమ్మాయి ఉంది. మాడుగుల నుంచి బస్సులో వచ్చిపోతుంది. చేరి ఎన్నాళ్ళో కాలేదని ఆమె మాట తడబడుతుంటేనే తెలుస్తోంది. బండి విషయం సజావుగానే తేలింది. రంగు కుదిరింది, రేటు కుదిరింది. అప్పుడా అమ్మాయి, "ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకుంటారా సార్?" అంది.

పరదేశిగారు కుర్చీ ముందుకు లాక్కున్నారు.

"వారంటంటే పోలీసోళ్ళు తెస్తారు, అదేనా?"

"కాదండి, వారంటీ అండి. గ్యారంటీ లాంటిది. కంపెనీ ఇచ్చింది అయిపోయాక ఇంకా కొన్నాళ్ళు వస్తుందండి. వేరేగా డబ్బు కట్టాలి."

"బాగుంది. చైను తెగితే ఇస్తారా?"

"చైనుకి రాదండి."

"టైరు?"

"రాదండి."

"బ్యాటరీ? బ్రేకులు? క్లచ్చి ప్లేట్లు?"

"అవి అరిగిపోయేవండి. వాటికి రాదు."

"అరిగిపోయేవాటికి ఇవ్వరు. అరగనివాటికి ఇస్తారు. సూడమ్మా, నేనూ అలాంటి గ్యారంటీ ఇయ్యగల్ను. మా ఇంటి ముందున్న కరెంటు స్తంభానికి ఇప్పుడే ఇచ్చేస్తాను."

అక్కడున్నవాళ్ళు నవ్వారు. షర్మిల మొహం ఎర్రబడింది. "ఇంజనుకి వస్తుందండి... ఇంకా ఏవో..." అంటూ ఆగిపోయింది. శనివారం లోపల ఎప్పుడు చెప్పినా సరేనని మాత్రం ఎలాగో గొణిగింది. అద్దాల గదిలోంచి మేనేజరు శ్యాంప్రసాద్ ఆమెని పిలిచాడు. గదికి అద్దాలున్నాయి గాని, తలుపు సరిగ్గా పడలేదు.

"వచ్చినవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పలేకపోతే ఎలా అమ్మా? ఈ శనివారం దాకా చూస్తాను. ఆ తర్వాత మరోచోట చూసుకో."

ధర్మతేజకి భూమిలోకి దిగిపోవాలనిపించింది. పరదేశిగారు మాత్రం కొత్త బండి అద్దంలో మీసం సవరించుకుంటున్నారు.

బండి ఇంటికొచ్చింది. వారంటీ సంగతి తేలలేదు. బ్యాంకులో క్యాషియరు తీసుకోమన్నాడు. ఎదురింటాయన శుద్ధ దండగన్నాడు. తీసుకుంటే సర్వీసులన్నీ టైము తప్పకుండా షోరూములోనే చేయించాలి, ఒక్కటి తప్పినా చెల్లదు. ధర్మతేజకి తన సంగతి తెలుసు. సెల్‌ఫోను చచ్చిపోయాక గాని ఛార్జింగు పెట్టని మనిషి. ఎటూ తేల్చుకోలేక ఊగుతున్నాడు.

పరదేశిగారు మాత్రం రోజూ టీ తాగేసి షోరూముకి బయల్దేరుతున్నారు. ఆ కుర్చీలో కూర్చోవడం, ప్రశ్నలు వేయడం. మూడోరోజుకి ధర్మతేజ ఉండబట్టలేకపోయాడు.

"మావయ్యగారూ, వారంటీ నాకొద్దు, బండీ వద్దు. మీరింక అక్కడికి వెళ్ళకండి. పాపం ఆ పిల్ల ఉద్యోగం ఊడేదాకా వదిలేటట్టు లేరు."

"అడక్కపోతే ఎలా తెలుస్తాది బాబూ?" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

గురువారం పొద్దుట మావగారింట్లో టిఫిను తింటుండగా అత్తగారు అప్పలనరసమ్మ అడిగింది. "రోజూ ఎల్తన్నారు. ఇంతకీ అందులో ఏటొస్తాదండీ?"

"ఫ్యూయల్ పంపొస్తాది, సెన్సార్లొస్తాయి, స్టార్టరు మోటారొస్తాది," అన్నారు పరదేశిగారు, ఉప్మా కలుపుకుంటూ. "ఇప్పుడొచ్చే బళ్ళకి పోతే అవే పోతాయి, పోయేయంటే మోపెడు ఖర్చు. బండమ్మేస్తే కొన్నోడి పేరు మీదకి మారుతాది కూడాను."

ఆ సాయంత్రం ధర్మతేజ బండికి క్రాష్‌గార్డు బిగించుకోడానికి షోరూముకి వెళ్ళాడు. లోపల మావగారి గొంతు వినిపించి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అది సరేనమ్మా. బండమ్మేస్తే ఈ గ్యారంటీ ఏటవుతాది?"

"పోతుందండి," అంది షర్మిల.

"పోతాదా? నువ్వు సెప్తే నిజమేగాని, ఓసారి ఎనకాల శివాజీనడిగొచ్చేయ్. నాకేటి తొందర?"

శివాజీ సర్వీసు షెడ్డులో హెడ్ మెకానిక్కు. ఆ పిల్ల పరుగెత్తి వెళ్ళి, అంతకంటే వేగంగా తిరిగొచ్చింది. "పోదండి! కొన్నవాళ్ళ పేరు మీదకి మారుతుందటండి!"

"ఓలమ్మో! ఇంత మంచి ముక్క ఆఖర్న సెప్తావేటమ్మా? ఇదే ముందు సెప్పాల. ఏదీ, నేనిప్పుడే గుమ్మంలోంచి వచ్చేననుకో. మొదట్నుంచీ సెప్పు."

షర్మిల మొదటినుంచీ చెప్పింది. మధ్యలో ఒకచోట తడబడింది. పరదేశిగారు చెవి దగ్గర చెయ్యి పెట్టి, "సరిగ్గా వినపళ్ళేదు," అన్నారు. మళ్ళీ చెప్పింది. ఈసారి తడబడలేదు. పాము చెవులని ఇంట్లో అందరూ అనే మనిషికి వినపడకపోవడమేమిటో ధర్మతేజకి అప్పుడు అర్థమైంది. క్రాష్‌గార్డు సంగతి మరిచిపోయి, చప్పుడు కాకుండా వెనక్కి వచ్చేశాడు. ఇంటిదాకా బండి నెమ్మదిగా నడిపాడు. మావగారి మీద కేకలేసిన మాటలు దారిపొడుగునా గుర్తొచ్చాయి.

శనివారం ఇద్దరూ కలిసి వెళ్ళేసరికి బల్ల దగ్గర వడ్డాది నుంచి వచ్చిన రామ్మూర్తి అనే చెరుకురైతు కూర్చుని ఉన్నాడు. పక్కన భార్య. షర్మిల చెబుతోంది.

"చైను, టైర్లు, బ్యాటరీ రావండి, ముందే చెప్పేస్తున్నాను. సెన్సార్లు, ఫ్యూయల్ పంపు వస్తాయి. మీరు చెరుకు తోటల్లో, గోతుల్లో తిప్పే మనిషి కాబట్టి మీకు పనికొస్తుంది. రేపు బండి అమ్మినా కొన్నవాళ్ళకి మారుతుంది."

"రాయించేయండి," అంది రామ్మూర్తి భార్య, మొగుడు నోరు తెరవకముందే.

పరదేశిగారు వెనక బెంచీ మీద నోరు మూసుకుని కూర్చున్నారు. అలా కూర్చోవడం ధర్మతేజ చూడడం అదే మొదలు. పెదాలు మాత్రం కదులుతున్నాయి, పిల్ల పద్యం ఒప్పజెబుతుంటే తండ్రి పెదాలు కదిలినట్టు. అద్దాల గదిలోంచి శ్యాంప్రసాద్ బయటికొచ్చి, "షర్మిలా, సోమవారం కొత్తమ్మాయి వస్తోంది. వారంటీ గురించి నువ్వే నేర్పించాలి," అని చెప్పి లోపలికి వెళ్ళాడు. పరదేశిగారు పైకండువాతో ముక్కు తుడుచుకున్నారు.

తన వంతు రాగానే ధర్మతేజ, "నాకూ రాసెయ్యండి," అన్నాడు.

షర్మిల కలం పట్టుకుంది, మళ్ళీ కింద పెట్టింది. "సార్, ఒక్క సర్వీసు తప్పినా డబ్బు దండగేనండి. మీరు టైముకి తెస్తారని గ్యారంటీ ఏటండి?"

ధర్మతేజ మావగారి వైపు చూశాడు. వెనక బెంచీ మీంచి పరదేశిగారు లేచి నిలబడ్డారు.

"నేనిస్తాను తల్లీ."

తిరిగొచ్చేటప్పుడు, "అవన్నీ మీకు ముందే తెలుసు కదా మావయ్యగారూ?" అన్నాడు ధర్మతేజ. వెనక సీటులోంచి, "గాలికేటీ వినపడ్డంలేదు బాబూ," అని జవాబొచ్చింది.

మొదటి సర్వీసు రోజు ఆదివారం పడింది. ధర్మతేజ హాయిగా నిద్రపోతున్నాడు. వీధిలో ఆగకుండా హారను మోగుతుంటే ప్రవల్లిక కిటికీ తీసి చూసి, నవ్వాపుకోలేక మంచం మీద కూలబడింది. స్టాండు వేసున్న బండి మీద, వెనక సీటులో, తలకి హెల్మెట్టుతో పరదేశిగారు కూర్చుని ఉన్నారు. చెయ్యి ముందుకు చాపి హారను నొక్కుతున్నారు.

"మొహం తర్వాత కడుక్కుందుగాని, ముందు రా బాబూ!" అన్నారు. "ఆ షర్మిల గుంటకి మాటిచ్చేసేను. ఇప్పుడు నువ్వు లేవకపోతే నా పరువేటి కావాల?"