మూడు నిద్రలు చేసి వచ్చాను

పెన్షను కాగితాల రెండో పేజీలో, పదవీ విరమణ తరువాత ఉండబోయే చిరునామా రాయడానికి ఒక గడి ఉంటుంది. ఇంకా ఏడు నెలల సర్వీసు ఉండగానే ఆ కాగితాలు ఇంటికి తెచ్చి, ఆదివారం తీరిగ్గా నింపుదామని బల్ల మీద పెట్టాను. ఆదివారం తెరిచి చూస్తే ఆ ఒక్క గడి అప్పటికే నిండి ఉంది. పెన్సిలుతో, మా ఆయన చేతిరాతలో, వెల్దుర్తి మండలంలో ఉన్న ఆయన ఊరి పేరు. మిగిలిన పద్దెనిమిది గడులూ ఖాళీగానే ఉన్నాయి.

నేను నరసరావుపేటలో కోర్టు గుమాస్తాను. ముప్ఫై ఒక్క సంవత్సరాలుగా ప్రతి కేసుకూ వాయిదా తేదీ రాయడం, ఆనాడు ఎవరు హాజరయ్యారో, ఎవరు కాలేదో, ఎవరు అభ్యంతరం చెప్పారో నమోదు చేయడం నా పని. ఆ అలవాటే ఇంటికీ వచ్చింది. పాల ప్యాకెట్టు ఆలస్యమైతే ఎన్ని నిమిషాలో నా డైరీలో ఉంటుంది. మా ఆయన ముప్ఫై మూడేళ్ళు బస్సు నడిపి, రెండేళ్ళ క్రితం విరమించారు. అన్నేళ్ళు హారన్ల మధ్య బతికి, నిశ్శబ్దానికి మొహం వాచిపోయారు.

ఆయన ఊరి పొలంలో బోరు దగ్గర మోటారుకు ఒక షెడ్డు వేద్దామని మొదట అన్నారు. చూద్దాం అన్నాను. ఎండపూట నడుం వాల్చడానికి పక్కన ఒక గది ఉంటే బాగుంటుందన్నారు. చూద్దాం అన్నాను. గదికి వరండా వచ్చింది, వరండాకు అవతల మరో గది వచ్చింది, వంటగదికి గట్టు వచ్చింది, అన్నిటి మీదా స్లాబు పడింది. ప్రతిసారీ ఆయన అడిగారు, ప్రతిసారీ నేను చూద్దాం అన్నాను.

ఆ ఆదివారం కాగితం ఆయన ముందు పెట్టాను.

"ఇదేంది?"

"అడ్రసు." పేపరులోంచి తల ఎత్తలేదు.

"ఎవరి అడ్రసు?"

"మనదేనే. రిటైరయినాక ఇంకేడ ఉంటాం? స్లాబు పడింది, సున్నం కూడా అయిపోయింది. నువ్వు వద్దని ఎన్నడన్నా అన్నావా?"

అనలేదు. పాత డైరీలు తీసి లెక్క చూశాను. పదకొండు నెలల్లో పందొమ్మిది చూద్దాంలు. వద్దు అనే మాట ఒక్క పేజీలోనూ లేదు. ప్రతివాది నోరు తెరవకపోతే తీర్పు అవతలివారి పక్షాన పోతుందని ముప్ఫై ఒక్క సంవత్సరాలు కళ్ళారా చూసినదాన్ని, నా ఇంటి వ్యవహారంలో పందొమ్మిది వాయిదాలు ఇచ్చి ఒక్క అభ్యంతరమైనా దాఖలు చేయలేదు. తప్పు నాదే. నాదే కాబట్టి దిద్దుకునే హక్కూ నాదే అనుకున్నాను.

"ఇప్పుడంటున్నాను. నేను రాను."

ఆయన పేపరు మడిచారు. "రాక?"

"ఇక్కడే ఉంటాను."

"ఒక్కదానివా?"

"అక్కడికొస్తేనే ఒక్కదాన్నయ్యేది. ఇక్కడ కాదు."

ఈ మాట మొండితనంగా వినిపిస్తుందని తెలుసు. కాని పొలం మధ్య ఇల్లు అంటే ఏమిటో ఆయనకంటే నాకే ఎక్కువ తెలుసు. ఆయన ఊరి నడుమ, పది గడపల మధ్య పుట్టినవారు. నేను వినుకొండ అవతల మా నాన్న చేలో కట్టుకున్న ఇంట్లో పన్నెండేళ్ళు పెరిగాను. దగ్గరి ఊరు రెండు మైళ్ళు. మా చేనుకు దూరంగా రైలు పట్టాలు కనిపించేవి. వచ్చిన ప్రతి రైలుకూ పెట్టెలు లెక్కపెట్టేదాన్ని. లెక్కపెట్టే అలవాటు నాకు కోర్టు ఇచ్చిందని అందరూ అనుకుంటారు. కాదు, ఆ చేను ఇచ్చింది. అక్కడ చేయడానికి వేరే ఏమీ లేదు.

మా అమ్మ రోజూ పొద్దున్నే ఒక ముంత మజ్జిగ విడిగా తీసి పెట్టేది. గట్టు మీద ఎవరు పోతున్నా ఎదురువెళ్ళి, "అయ్యా, మజ్జిగ తాగి పోండి" అని పిలిచేది. దానధర్మమని చిన్నప్పుడు గర్వపడేదాన్ని. తాగినంతసేపు వాళ్ళు నాలుగు మాటలు మాట్లాడతారని పిలిచేదని చాలా ఏళ్ళకు గాని అర్థం కాలేదు. చాలా రోజులు సాయంత్రానికి ఆ ముంత నిండుగానే ఉండేది. ఆ మజ్జిగ మాకే పోసేది.

ఇప్పుడు మా సందు సంగతి. బస్టాండుకు వెనక సందు. అక్కడ ఉదయం ఎనిమిదిలోపు నేను ఎంతమందితో మాట్లాడతానో ఒక రోజు కావాలనే లెక్కపెట్టాను. పద్నాలుగు మంది. పాల మనిషి, ఇడ్లీ బండి ఆమె, ఎదురింట్లో కుట్టుమిషను పెట్టుకున్న సాయిబుల అమ్మాయి, ఆమె అత్త, నీళ్ళ డబ్బాల ఆటో అతను, రోజూ ధర మార్చి చెప్పే పూలామె, ఆ ధర మీద నాతో కలిసి పోట్లాడే పక్కింటి పిన్ని, ఇంకా ఏడుగురు. హారన్లు ఉన్నాయి, కాదనను. ఆ మోతలోనూ ఎవరో ఒకరు అక్కా అని పిలుస్తుంటారు.

మా ఆయన వాదించే మనిషి కాదు. శావల్యాపురం నుంచి వాళ్ళ అక్కను పిలిపించారు. ఆమె చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టింది.

"ఏమే అమ్మాయ్, మొగుడేడుంటే పెళ్ళామాడుండాల. చానా చదివినావు గదా, ఈ ముక్క ఏ పుస్తకంలోనూ కనపళ్ళేదా నీకు?"

"కనపడింది వదినా. ఇంకో ముక్క కూడా కనపడింది. మా సంబంధం మాట్లాడడానికి వచ్చినరోజు, మా అమ్మతో మీరేమన్నారో గుర్తుందా?"

"ఏమన్నా?"

"పిల్లాడు పేటలోనే ఉంటాడు, మీ పిల్లకు చేలో కాపరం ఉండదు అన్నారు. ఆ మాట మీదే మా అమ్మ ఒప్పుకుంది."

ఆమె పగలబడి నవ్వింది. "నీ డైరీ తగలెయ్య! అప్పట్నించీ రాస్తున్నావటే?" అని, వెంటనే నవ్వు దిగమింగి, "సంబంధానికి వంద చెప్తాం. అయన్నీ పట్టుకుంటే కాపరాలయితయ్యా?" అంది.

"నేను ఒక్కటే పట్టుకున్నాను."

వారం తరువాత గృహప్రవేశానికి ముహూర్తం పెట్టడానికి పురోహితుడు వచ్చారు. అప్పుడు తేలింది, నేను లేకుండా ఆ ఇంటి పని ఏదీ సాగదని. పీటల మీద దంపతులు కలిసి కూర్చోవాలి. పాలు పొంగించవలసింది ఇల్లాలు. ఆపైన ఆ ఇంట్లో మూడు నిద్రలు చేయాలి. పంతులుగారు ఇవన్నీ చెబుతుంటే నేను కాఫీ తేవడానికి వంటగదిలోకి వెళ్ళాను. మా వదిన తమ్ముడి పక్కకు జరిగి గొంతు తగ్గించింది. ఆమె గొంతు తగ్గించినా సందు చివరకు వినిపిస్తుంది.

"మూడు నిద్రలకని ఒప్పించరా ముందు. మూడోనాటికి అదే మెత్తబడిద్ది. పొయ్యి రాజేసిన ఆడది ఆ ఇల్లు ఇడిచి పోద్దా?"

కాఫీ ఇచ్చి, పురోహితుడినే అడిగాను.

"పంతులుగారూ, మూడు నిద్రల తరువాత ఇంకేమైనా విధి ఉందా?"

"లేదమ్మా. మూడు చాలు."

"నాలుగోది?"

"అది మీ ఇష్టం."

"అయితే మూడు చేస్తాను" అన్నాను. వాళ్ళ ఎదుటే డైరీ తెచ్చి రాసుకున్నాను. మా వదిన తమ్ముడి వైపు చూసి కళ్ళతో నవ్వింది. నేను మెత్తబడడం అప్పుడే మొదలైందని ఆమె లెక్క.

గృహప్రవేశానికి అరవై మూడు మంది వచ్చారు. పాలు తూర్పుకు పొంగాయి. అందరూ శుభం అన్నారు. భోజనాలయ్యాక ట్రాక్టర్లూ ఆటోలూ ఒక్కొక్కటే కదిలాయి. మా వదిన వెళుతూ వెళుతూ, "ఇదే నీ ఇల్లు, గుర్తు పెట్టుకో" అని నా చెయ్యి నొక్కింది. పొద్దు వాలేసరికి ఇంట్లో మేమిద్దరమే మిగిలాం.

న్యాయంగా ఒక సంగతి రాయాలి. ఆయన అక్కడ వేరే మనిషి. చెప్పుల్లేకుండా కంది చేలో తిరిగి వచ్చి, కాళ్ళకు అంటిన మట్టి చూసుకుని మురిసిపోయారు. ఇంకొకటి. పేటలో మధ్యాహ్నం పడుకున్నప్పుడు ఆయన కుడికాలు ఉండి ఉండి మంచం కోడును తన్నేది. నిద్రలోనూ బ్రేకు తొక్కుతున్నారన్నమాట. విరమించి రెండేళ్ళయినా అది పోలేదు. రెండో రోజు మధ్యాహ్నం వరండాలో ఆయన పడుకుంటే పక్కనే కూర్చుని గంటన్నర చూశాను. ఆ కాలు ఒక్కసారి కూడా కదలలేదు. ఈ ఇల్లు ఆయనకు అవసరమని ఆ గంటన్నరలో ఒప్పుకున్నాను. ఆయనను తిరిగి మా సందుకు రమ్మని పిలవకూడదని నిశ్చయించుకున్నాను.

నా లెక్క ఇది. రెండో రోజు నేను ఆయనతో కాక మాట్లాడినది ఒక్కరితో. పక్క చేలో పత్తికి మందు కొట్టే అతను, మూతికి గుడ్డ కట్టుకుని ఉన్నాడు. మంచినీళ్ళు కావాలన్నాడు, ఇచ్చాను. మూడో రోజు మధ్యాహ్నం మూడింటిదాకా ఎవరూ లేరు.

మూడున్నరకు గట్టు మీద గొర్రెల మంద పోతున్న చప్పుడు విన్నాను. నేను ఎప్పుడు లేచానో, గ్లాసులో మజ్జిగ ఎప్పుడు పోశానో తెలియదు. తేరుకునేసరికి చేను చివర నిలబడి ఉన్నాను. "అయ్యా, మజ్జిగ తాగి పో" అని పిలుస్తున్నాను. ఆ గొంతు నాది కాదు, మా అమ్మది. గొర్రెలతను వెనక్కి తిరిగి, "ఇప్పుడే తాగినానమ్మా" అని చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. ఆ గ్లాసు నేనే తాగాను. లోపలికి వచ్చి సంచి సర్దుకున్నాను.

నాలుగో రోజు పొద్దున సంచి వరండాలో ఉండడం ఆయన చూశారు.

"నాలుగో నిద్ర చేస్తే ఏం పోద్దే?"

"నేను పోతాను."

ఆయన బండి తీసి మాచర్ల బస్టాండుకు తీసుకెళ్ళారు. పేట బస్సు దగ్గర ముందు టైర్లు చూశారు, వెనక టైర్లు చూశారు, డ్రైవరు దగ్గరకు వెళ్ళి, "గుంతల్లో నెమ్మది తమ్ముడూ, మా ఇంటావిడ ఉంది" అన్నారు. తరువాత కిటికీ దగ్గరకు వచ్చి నిలబడ్డారు.

"జనం అడిగితే ఏం చెప్పాలే?"

"ఇద్దరికీ రెండు ఇళ్ళున్నాయని చెప్పండి. అబద్ధం కాదుగా."

సందులో దిగేసరికి ఎదురింటి అమ్మాయి కుట్టుమిషను ఆపింది. "ఏందక్కా, ఒక్కదానివే వచ్చినావు? అన్నను అడివిలో దింపేసినావా?"

"ఆయన స్టేజీ వచ్చింది, దిగారు. నా స్టేజీ ఇది."

ఆమె నవ్వి, నేను తలుపు తీస్తుంటే నా చేతిలోని సంచి అందుకుంది.

ఆ సాయంత్రం రబ్బరు తీసుకుని పెన్సిలు రాత తుడిచేశాను. ఆ గడిలో మా సందు పేరు, ఇంటి నంబరు సిరాతో రాశాను. దానికి ఎదుటి పేజీలో భార్యాభర్తల ఫోటో అంటించాలి. అందుకోసం ఆ నెల నాలుగో ఆదివారం ఆయనను పిలిచాను. వంకాయలతో వచ్చారు. ఫోటో దిగి ఇంటికి వచ్చాక కాగితం చేతిలోకి తీసుకుని, సిరా రాతను చాలాసేపు చూశారు. కింద కుటుంబ సభ్యుల వివరాల్లో ఆయన పేరు ఎదుట చిరునామా వదిలేసి ఉంచాను.

"ఇక్కడ నాదేం రాయాల?"

"మీ ఇష్టం. పెన్సిలు ఇవ్వనా?"

"పెన్నే ఇయ్యి."

తన ఊరి పేరు ఒత్తి రాశారు. మధ్యాహ్నం పడుకుంటే కుడికాలు రెండుసార్లు కోడును తన్నింది. సాయంత్రం బస్సుకు ఆయన వెళ్ళిపోయారు. రెండో శనివారం నేను వెళ్ళాలి, నాలుగో ఆదివారం ఆయన రావాలి. ఇదీ మా వాయిదా పట్టిక. ఇప్పటిదాకా ఇద్దరం ఒక్కటీ తప్పలేదు. ఇద్దరూ విడిపోయారంట అని శావల్యాపురంలో చెప్పుకుంటున్నారని మా వదినే ఫోను చేసి చెప్పింది. మాట ఎక్కడినుంచి బయలుదేరిందో అడగలేదు.

ఫోటో దిగిన మర్నాడు, సోమవారం, కాగితాలు ఆఫీసులో ఇచ్చాను. తీసుకున్న కుర్రగుమాస్తా పేజీలు తిప్పి ఆగాడు.

"మేడం, రెండు అడ్రసులు పడినయి. ఏది కరెక్టు?"

"రెండూ."

"భార్యాభర్తలకు ఒకటే ఉంటదండీ మామూలుగా."

"అట్లా ఉండాలని ఏ గడిలో రాసి ఉందో చూడండి."

మొదటి పేజీ నుంచి చూశాడు. నేను నిలబడే ఉన్నాను, తొందరేమీ లేదు. చివరి పేజీ దాకా చూసి, ముద్ర వేశాడు.