బావ 'రైట్' అనలేదు

మా బావ బస్సు కండక్టరు. ఆయన కూర్చోగా చూసినవాళ్లు లేరు. ఇంట్లో అన్నం కూడా గుమ్మానికి జారగిలబడి తింటాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో మా అక్క పక్కన కూర్చుని ఒక్క ప్రయాణం చేసిన పాపాన పోలేదు. అందుకే ఆయన రిటైరైన వారానికే అక్క పట్టుబట్టి, పాత కోట ఉన్న నగరానికి ముగ్గురికీ రైలు టిక్కెట్లు తీయించింది.

"కోట నాకెందుకే? దారి పొడుగునా ఈ మనిషి నా పక్కన కూర్చుంటే చాలు" అంది నాతో.

రైలు కదిలింది. బావ కూర్చున్నాడు, లేచాడు, తలుపు దాకా వెళ్లాడు. "జరగండమ్మా, లోపల ఖాళీ ఉంది" అని ఎవరినో లోపలికి సర్దాడు.

"ఇక్కడ మీకేమైనా జీతమిస్తున్నారా?" అంది అక్క.

"కాళ్లు ఊరుకోవే!"

ఏదో చిన్న స్టేషన్లో బండి ఆగింది. బావ దిగి, ఓ ముసలమ్మకు మూట అందించి, ఇంకెవరైనా ఎక్కాలేమోనని అటూ ఇటూ చూస్తూ నింపాదిగా నిలబడ్డాడు. రైలు కదిలింది.

"ఎక్కు బావా!" కిటికీలోంచి గావుకేక పెట్టాను.

కంగారు పడొద్దన్నట్టు చెయ్యెత్తాడు. తను 'రైట్' అననిదే చక్రం ఏనాడు కదిలింది గనక! చివరి పెట్టె దాటిపోయినా ఆ చెయ్యి దిగలేదు.

ఫోను చేస్తే అక్క సంచిలోనే మోగింది. తర్వాతి స్టేషన్లో దిగిపోయాం. ప్లాట్‌ఫారం మీద అక్క కాలుగాలిన పిల్లిలా ఒకటే తిరుగుడు.

"కాసేపు కూర్చో అక్కా."

"ఎలా కూర్చోనే?"

వెనక బండిలో వచ్చాడు బావ, తలుపు పట్టుకుని వేలాడుతూ. "నేను చెప్పకుండా ఎలా కదిలిందే?" అదీ ఆయన మొదటి మాట!

అక్క తిట్టలేదు. అదే బండెక్కి, ఆయన్ని కిటికీ పక్కకి తోసి, దారికి అడ్డంగా తను కూర్చుంది. "ఇప్పుడు దిగండి, చూద్దాం."

బండి ఆగినప్పుడల్లా బావ మోకాలు ఎగిరేది. అక్క చెయ్యి దాని మీద పడేది.

మేం వెళ్లేసరికి కోట తలుపులు మూసేశారు. నాకు ప్రాణం ఉసూరుమంది. తిరిగొచ్చాక పక్కింటావిడ, "కోట ఎలా ఉంది వదినా?" అనడిగితే అక్క తడుముకోలేదు.

"కోటకేం, కదలకుండా కూర్చుంది. మా ఆయన్నీ కూర్చోబెట్టాను, బండి దిగేదాకా."