యాకమ్మ మేడం రంజన్ నీళ్లు

కొత్త రంజన్ కుండలో మొదటిసారి పోసిన నీళ్లకు ఒక మట్టి వాసన ఉంటుంది. వాన వాసన అంటారు అందరూ. నాకు మాత్రం అది ఆఫీసు వాసన. ఈ ఎండాకాలం భూపాలపల్లి అంగట్లో ఒక రంజన్ కొని, రెండు రోజులు నానబెట్టి, వంటింటి మూలన ఇసుక పోసి దాని మీద కూర్చోబెట్టాను. మూడో రోజు సాయంత్రం గ్లాసు ముంచి నోటి దగ్గర పెట్టుకున్నానో లేదో, మహబూబాబాద్‌లోని ఆ ఇరుకు గది గుర్తొచ్చింది. తలుపు పక్కన రంజన్, దాని మూత మీద బోర్లించిన రెండు స్టీలు గ్లాసులు, వెనక బల్ల దగ్గర కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని యాకమ్మ మేడం. గ్లాసు అలాగే పట్టుకున్నాను. పక్క గదిలో లాప్‌టాప్ తెరిచే ఉంది. అందులో ఒక దరఖాస్తు ఉంది. దాని చివరి గడి నాలుగు రోజులుగా ఖాళీగా నా వైపే చూస్తోంది.

ఎవరైనా రాయగలిగే, ఎవరైనా దిద్దగలిగే ఒక ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో నేను కొన్నేళ్లుగా రాస్తున్నాను. జీతం భత్యం లేని పని. మా రఘునాథపల్లి గురించి, బచ్చన్నపేట వైపు చెరువుల గురించి తెలిసినంత రాశాను, ఫొటోలు తీసి పెట్టాను. ఆ విజ్ఞాన సర్వస్వానికి జనం నుంచి రోజూ మెయిళ్లు వస్తాయి. మా ఊరి పేజీలో తప్పుందని ఒకరు, నన్నడగకుండా నా ఫొటో ఎలా పెట్టారని ఒకరు, మా నాయిన చనిపోయాడని రాసిందెవరు, ఆయన ఇంట్లో కూర్చుని అన్నం తింటున్నాడని మరొకరు. అవి చదివి జవాబు ఇచ్చేది కూడా నాలాంటి వాలంటీర్లే. తెలుగు మెయిళ్లకు మనుషులు చాలడం లేదని తెలిసి దరఖాస్తు తెరిచాను. పేరు, అనుభవం, ఈ పని ఎందుకు చేయాలనుకుంటున్నారు, ఇవన్నీ అరగంటలో నింపాను. చివరి ప్రశ్న దగ్గర చెయ్యి ఆగింది. పరాయివాళ్ల సొంత వివరాలు మీ చేతికి వస్తాయి, అలాంటివి కాపాడటంలో మీ అనుభవం ఏమిటో రాయండి అని అడిగారు. నా అనుభవం ఏమిటో నాకు బాగా తెలుసు. అది రాస్తే వాళ్లు నన్ను తీసుకోరని భయం. రాయకుండా చేరితే, ఒక అబద్ధం మీద కూర్చుని ఇతరుల రహస్యాలు చదవాలి. తాళం వేసి మూడుసార్లు లాగి చూసుకునే మనిషిని, బస్సెక్కాక గ్యాస్ కట్టేశానా లేదా అని పక్కింటి అక్కకు ఫోన్ చేసే మనిషిని, నాకు ఈ రెండింట్లో ఏదీ మింగుడుపడలేదు.

ఇరవై మూడేళ్ల వయసులో నేను మహబూబాబాద్‌లోని ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరాను. అవుట్‌సోర్సింగ్ ఉద్యోగం, ఎప్పుడు ఊడుతుందో తెలియదు. జనం ఇచ్చే అర్జీలు తీసుకుని, వాటిని సంబంధిత అధికారులకు పంపే విభాగం మాది. దానికి సూపరింటెండెంట్ యాకమ్మ మేడం. పొట్టి మనిషి, గొంతు మాత్రం గది దాటి వినిపించేది. ఆఫీసులో అందరికీ మేడం, వచ్చే జనానికి యాకమ్మక్క. అర్జీ పట్టుకుని ఎవరు ఎంత కోపంగా వచ్చినా ఆమె కాగితం అందుకునేది కాదు. రంజన్ వైపు చెయ్యి చూపించేది.

"ముందుగాల నీళ్లు తాగుండ్రి. కాయితం యాడికి పోదు."

ఒకసారి ఒక పెద్దాయన బల్ల గుద్ది మరీ తిట్టాడు. ఆమె అదే మాట అని, లేచి తనే గ్లాసు ముంచి ఇచ్చింది. ఆయన తాగి, ఇంకో గ్లాసు అడిగి తాగి, కూర్చున్నాడు. ఆయన వెళ్లాక నేను ఇది మర్యాదా, ఉపాయమా అని అడిగాను. తాగేటప్పుడు మనిషి తిట్టలేడు గదా బిడ్డా అని నవ్వింది. ఆ తర్వాత అసలు పని మొదలయ్యేది. అర్జీని ఎదుటి మనిషికి మాత్రమే వినబడేలా మెల్లగా చదివేది. నాలుగు పేజీల గోడులో ఒక వాక్యం మీద వేలు పెట్టి, గిదేనా మీకు గావాల్సింది అని అడిగేది. అవునంటే దాని కింద పెన్సిల్‌తో గీత గీసేది. మేం రాసే జవాబు ఆ గీత దగ్గరే మొదలవ్వాలి. మర్యాద మాటలతో మొదలుపెట్టిన జవాబులు నావి ఎన్నో చించేసింది.

ఆమెకు ఇంకో పద్ధతి ఉండేది. నా పేరు బయటికి రావద్దు అని ఎవరైనా అంటే, కాగితం కింద 'ఇట్లు' అని పేరున్న చోటు వెనక్కి మడిచేది. మడత ఉన్న అర్జీని జిరాక్స్ తీసినా మడతతోనే తీయాలి. ఏ నియమాల పుస్తకంలోనూ లేదది, నేను చేరిన రోజే చెప్పింది. నేను తలూపాను.

ఆ ఏడాది ఒక తండా నుంచి శాంతిబాయి అనే ఆమె వచ్చింది. తండా చివరి ఇళ్లకు నల్లా నీళ్లు రావడం లేదు. ట్యాంకు దగ్గర వాల్వు తిప్పే మనిషి ఆమె సొంత మరిది. తన పేరు తెలిస్తే ఇంట్లో బతకనియ్యరని రెండుసార్లు చెప్పింది. మేడం కాగితం మడిచి నాకిచ్చింది. మడతతో జిరాక్స్ తీస్తే కింద నల్లటి నీడ పడుతోంది. నా చేతి నుంచి వెళ్లే ఏ కాగితమూ మురికిగా ఉండకూడదని నాకొక పిచ్చి. ఎవరు ఏం వంక పెడతారో, ఉద్యోగం ఎక్కడ పోతుందో అని. ఒక్కసారి మడత విప్పి, చేత్తో సాపు చేసి, తెల్లగా తళతళలాడే ప్రతి తీశాను. మళ్లీ మడిచి ఫైల్లో పెట్టాను. ఆ తెల్లటి ప్రతిని నీళ్ల సరఫరా అధికారికి రాసిన ఉత్తరానికి జతచేశాను. మేడం ఉత్తరం మీద సంతకం పెట్టింది.

రెండు వారాల తర్వాత శాంతిబాయి మళ్లీ వచ్చింది. మేడం నీళ్లు ఇచ్చింది. ఆమె గ్లాసు అందుకోలేదు. ఆ గదిలో నీళ్లు వద్దన్న మనిషిని నేను చూడటం అదే మొదలు.

"నీళ్ల ఆఫీసోళ్లు గా కాయితం మా మరిదికే ఇచ్చిండ్రు. అందరి ముందట సదివిండు. నా పేరు సుత ఉన్నది," అంది.

ఆమె అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది. మేడం ఫైలు తీసి, ఉత్తరంతో పోయిన ప్రతికి మా దగ్గరున్న నకలు చూసింది. కింద నీడ లేదు. నా వైపు చూసింది. తప్పు జిరాక్స్ మిషన్ మీద తోసేద్దామా అనుకున్నాను, మేడం సరిగా మడవలేదని చెబుదామా అని కూడా అనుకున్నాను. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. పై అధికారి దగ్గర మేడం, సంతకం నాది సార్, తప్పు నాది అని ఒక్క ముక్కలో తేల్చేసిందని తర్వాత తెలిసింది. నేను బతికిపోయాననుకున్నాను. మర్నాడు మేడం సెలవు పెట్టి, నన్ను బస్సెక్కించి తండాకు తీసుకెళ్లింది.

దారి పొడవునా నేను చెప్పాల్సిన మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను. జిరాక్స్ నీడ గురించి, ఉద్యోగం పోతుందన్న బెంగ గురించి. బస్సు దిగాక మేడంకు వినిపించాను. ఆమె మట్టిబాట మీద ఆగింది.

"జరిగింది జెప్పు. ఎందుకు జరిగిందో జెప్పకు. అది నీ గోస, ఆమెది గాదు."

శాంతిబాయి ఇంటి ముందు నిలబడి, మడత విప్పింది నేనేనని, నా వల్లే పేరు బయటపడిందని చెప్పాను. రెండు వాక్యాలు. అంతకంటే కష్టమైన మాటలు నేను ఇంతవరకు అనలేదు. ఆమె లోపలికి పోయి రెండు గ్లాసుల నీళ్లు తెచ్చింది. ఆమె ఇంటికి నల్లా బందైపోయి అప్పటికి చాలా రోజులైంది. పొలం బావి నుంచి నెత్తిన మోసుకొచ్చిన నీళ్లవి. నాకు చెయ్యి చాచబుద్ధి కాలేదు. మేడం నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"తాగు. వద్దంటే ఇంకో తప్పు జేసినట్టే."

తాగాను. శాంతిబాయి నన్ను క్షమించలేదు, క్షమించానని చెప్పనూ లేదు. మేడం పదే పదే తిరిగి, చివరి ఇళ్లకు వేరే లైను వేయించింది. నీళ్లొచ్చాయి. శాంతిబాయికీ మరిది ఇంటికీ మాత్రం మళ్లీ మాటల్లేవని విన్నాను. తిరుగు బస్సులో నేను ఏడ్చి, నాకు భయంగా ఉంది, ఈ సెక్షన్‌లో ఉండను, వేరే చోటికి పంపమని అడిగాను. మేడం కిటికీలోంచి పత్తి చేలు చూస్తూనే అంది.

"భయం ఉన్నన్ని దినాలు గీడనే ఉండు బిడ్డా. భయం పోయిన్నాడు నాకు జెప్పు, గప్పుడు మారుస్త."

ఆమె రిటైరయ్యి జనగామలో చెల్లెలి ఇంటి పక్కన ఉండేది. పెళ్లయి భూపాలపల్లి వచ్చాక కూడా ఏడాదికోసారైనా వెళ్లేదాన్ని. చివరిసారి వెళ్లినప్పుడు ఈ ఆన్‌లైన్ పని గురించి చెప్పాను, జనం మెయిళ్లు రాస్తారని, చాలామంది కోపంగా రాస్తారని. అంతా విని, మరి వాళ్లకు నీళ్లెట్ల ఇస్తరు అని అడిగింది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు, నిజంగానే అడిగింది. ఆ చలికాలంలోనే పోయింది.

గ్లాసు కింద పెట్టి వెళ్లి లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. పేరు దాచమన్న ఒక మనిషి పేరు నా చేతుల మీదుగా బయటపడిందని, దానివల్ల ఆమెకు అయినవాళ్లతో మాటలు తెగిపోయాయని, ఆమె ముందుకు వెళ్లి ఒప్పుకున్నానని రాశాను. ఎందుకు జరిగిందో ఒక పేరా రాసి, కొట్టేశాను. పంపాను. తర్వాత మూడు వారాలు మెయిలు పెట్టె తెరవడం, మూయడం. కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. జవాబు వచ్చిన రోజు దాన్ని తెరవడానికి ఒక పూట పట్టింది. చేర్చుకుంటున్నామని, మొదటి కొన్ని నెలలు నా జవాబులను మరొకరు చూశాకే పంపాలని ఉంది. చివర ఒక వాక్యం, మీరు రాసింది చదివాకే నిర్ణయించుకున్నాం అని. అది మంచికో, నా మీద అనుమానానికో ఇప్పటికీ తెలియదు.

నాకు వచ్చిన మొదటి మెయిలు ఒక ఊరి పేజీ గురించి. అందులో తమ కుటుంబం మీద ఎవరో తప్పుడు మాట రాశారని, అది తీసేయమని, అడిగింది తానేనని మాత్రం ఊళ్లో తెలియకూడదని ఒక స్త్రీ రాసింది. కోపంగా, పొడుగ్గా రాసింది. రెండోసారి చదివే ముందు లేచి వెళ్లి రంజన్‌లోంచి ఒక గ్లాసు ముంచుకుని తాగాను. ఆమెకు ఇవ్వలేను కనుక నేనే తాగాను. తర్వాత మెల్లగా, నాకు మాత్రమే వినబడేలా చదివి, ఆమెకు కావలసిన ఒక్క వాక్యం వెతికి, జవాబు అక్కడ మొదలుపెట్టాను. ఆ పేజీని దిద్దే వాళ్లకు విషయం చెప్పాల్సి వచ్చింది. మెయిలు అలాగే ముందుకు పంపితే పని ఒక్క నొక్కుతో అయిపోతుంది, చూడటానికి నీటుగా కూడా ఉంటుంది. కిందికి జరిపి చూశాను. ఆమె పేరు, ఫోన్ నంబరు అక్కడే ఉన్నాయి.

పంపలేదు. విషయం మాత్రం నా మాటల్లో వేరే రాశాను. మూడుసార్లు చదివాను, పంపాక కూడా ఇంకోసారి తెరిచి చూశాను. భయంగానే ఉంది. ఇన్నేళ్లలో ఆ భయం ఒక్క రోజూ పోలేదు. అది పోతే చెప్పమన్న మనిషి ఇప్పుడు లేదు, చెప్పాల్సిన రోజు కూడా ఇంకా రాలేదు.