దేవుడి బొమ్మ గీస్తుంటే తీసిన ఈఈజీ

2023 ఎండాకాలం. నరసరావుపేటలో ఒక నరాల డాక్టరుగారి ఆసుపత్రి మేడ మీద గదిలో నేను ఈఈజీ తీస్తాను. ఇంటర్ తర్వాత డిగ్రీకి పోలేదు. టెక్నీషియన్ కోర్సు చేసి ఇందులో పడ్డాను. ఈఈజీ అంటే తల మీద అక్కడక్కడా పేస్టుతో వైర్లు అంటించి, మెదడులో పుట్టే చిన్న కరెంటును తెర మీద గీతలుగా చూడటం. మనమేమీ కరెంటు పెట్టం, ఉన్నదాన్నే చూస్తాం. ఈ ముక్క రోజూ చెప్తాను. అయినా "షాక్ కొట్టదుగా అమ్మాయ్?" అనేవాళ్ళు అంటూనే ఉంటారు. "నా మనసులో మాట బయటపడుద్దా ఏంది?" అంటూ పెళ్ళాం వంక దొంగచూపులు చూసే మగాళ్ళూ ఉంటారు. తలకి నూనె రాసుకోవద్దంటే, డాక్టరు దగ్గరికి చింపిరి జుట్టుతో ఎట్టా వస్తామని ఇంకాస్త ఎక్కువ దట్టించి వచ్చే పెద్దమ్మల సంగతి చెప్పనే అక్కర్లేదు.

దుర్గి నుంచి వచ్చిన మోహనాచారి అలాంటి మాటలేమీ అనలేదు. ముప్పై దాటిన మనిషి, రాతిబొమ్మలు చెక్కుతాడు. గదిలోకి రాగానే నా బల్ల మీది గ్రానైటు రాయి అంచును వేలితో తడిమి చూశాడు.

"ఇది కోసినోడెవడోగానీ తొందర్లో ఉన్నాడమ్మాయ్."

"ఆయన ఎక్కడికొచ్చినా రాళ్ళే చూస్తాడు. వైర్లు పెట్టు చెల్లెమ్మా" అంది ఆయన భార్య సుజాత.

జబ్బేమిటో ఆవిడే చెప్పింది. పని చేస్తుంటే కుడిచెయ్యి ఉన్నట్టుండి ఎగిరిపడుతుంది. ఒక్కోసారి క్షణం పాటు మనిషి ఎటో పోయినట్టుంటాడు. రెండుసార్లు పూర్తిగా పడిపోయి గిలగిలా కొట్టుకున్నాడు. గురజాల అవతల ఒక ఊరివాళ్ళు అమ్మవారి విగ్రహం చెయ్యమన్నారు. ఉలి జారి ముక్కు లేచిపోయింది. ముక్కు పోయిన బొమ్మకి పూజ చెయ్యరు. ఇంకో రాయి తెచ్చి మళ్ళీ మొదలుపెడితే అదీ అలాగే అయింది. ఇప్పుడు మూడో రాయి షెడ్డులో ఉంది. దాని మీద చెయ్యి వెయ్యాలంటే ఆయనకి భయం.

"దేవుడి బొమ్మలకే ఇట్టా అయిద్ది. రోలు కొట్టినా, పేర్లు చెక్కినా ఏం కాదు" అని గొంతు తగ్గించింది సుజాత. "నా మైల తగిలిందని మా మామ అంటాడు. నేను ఆ షెడ్డు గడప తొక్కి చానా కాలమైంది. ఆయన అమ్మవారి పని పట్టుకున్నాడంటే నేను పుట్టింటికి పోతా. ఉపాసాలున్నాం, కృష్ణలో మునిగొచ్చాం. అయినా తగ్గలా."

మొదటిరోజు మామూలు ఈఈజీ తీశాను. కళ్ళు తెరిపించి, మూయించి, గట్టిగా ఊపిరి పీల్పించి, కంటి ముందు లైటు మిణుకుమిణుకుమనిపించి చూశాను. గీతలన్నీ బుద్ధిగానే ఉన్నాయి. తర్వాత మెదడుకి పని పెట్టాలి. వందలోంచి ఏడు, మిగిలినదాంట్లోంచి ఏడు అలా తీసుకుంటూ పొమ్మంటాం. కళ్ళు మూసుకుని ఊరికే ఉన్నప్పుడు మెల్లగా ఊగే గీతలు, లెక్క మొదలుకాగానే పొట్టివై బిగుసుకుంటాయి. ఆలోచించే మెదడు అలాగే కనపడుతుంది. ఆయన ఎక్కడా తడబడలేదు.

"ఇంక తియ్యటానికేం మిగల్లా. నన్నే తీసెయ్యి" అని నవ్వాడు. గీతల్లో జబ్బు జాడేమీ లేదు.

డాక్టరుగారు రికార్డింగ్ చూసి, వాళ్ళని కూర్చోబెట్టి, రోలుకీ విగ్రహానికీ పనిలో తేడా ఏమిటని అడిగారు.

చారి ఆ ప్రశ్నకి ఆశ్చర్యపోయాడు. "రోలుకేముంది సార్, చెయ్యే కొట్టుకుంటా పోద్ది. విగ్రహానికి తాళం ఉంటది. మొహం పొడుగు ఒక తాళం. ఒళ్ళంతా ఆ మొహంతోనే కొలవాల. కంటి కొన యాడ ఆగాల, అది చెవికి ఎంత దూరం, ఒకటి మారితే ఇంకోటి ఎంత మారాల. ఉలి దెబ్బ దెబ్బకీ మనసులో మళ్ళీ కొలుచుకోవాల."

"ఆ పనే ఇక్కడ చెయ్యండి. వైర్లు పెట్టుకుని" అన్నారు డాక్టరుగారు.

మళ్ళీ వచ్చినప్పుడు ఆయన ఎర్రజాజు రాసిన దారపు ఉండ, ఒక అట్ట, పెన్సిలు తెచ్చుకున్నాడు. ఒక కుర్చీలో కూర్చోబెట్టి, తలనిండా వైర్లు అంటించి, ఒళ్ళో అట్ట పెట్టాను. దారం లాగి వదిలితే కాగితం మీద ఎర్రగీత పడింది. దాన్ని భాగాలు చేసుకుంటూ మొహం దించడం మొదలుపెట్టాడు. ఎంత ముచ్చటగా గీస్తున్నాడో! తెర చూడాల్సినదాన్ని, రెండుసార్లు కాగితం వంక చూశాను.

కంటి దగ్గరికి వచ్చేసరికి తెర మీద గీతలన్నీ ఒక్కసారే మొన తేలి లేచాయి. వెంటనే ఆయన చెయ్యి ఎగిరింది. పెన్సిలు కాగితాన్ని చీల్చుకుంటూ పోయింది.

"అదుగో! వచ్చింది" అన్నాడు చారి.

నా వెనకే నిలబడి ఉన్న డాక్టరుగారు చారిని తన పేరు రాయమన్నారు. రాశాడు. గీతలు మామూలుగానే ఉన్నాయి. ఊరికే సున్నాలు చుట్టమన్నారు. అప్పుడూ మామూలే. మళ్ళీ కన్ను గీయమన్నారు. మళ్ళీ లేచాయి. ఇంకోసారి గీయమన్నప్పుడు చారి నా మొహంలోకి చూశాడు. నాకు చాలనిపించింది. కానీ గీయడం వల్లే వస్తోందని తేలాలంటే రికార్డింగులో మళ్ళీ మళ్ళీ కనపడాలి. "ఇంకొక్కసారి అన్నా" అన్నాను. గీశాడు, చెయ్యి ఎగిరింది.

కిందికి తీసుకెళ్ళి డాక్టరుగారు నిదానంగా చెప్పారు. ఇది మూర్ఛలోనే ఒక అరుదైన రకం. మనసులో కొలుచుకుంటూ, నిర్ణయించుకుంటూ, అదే సమయంలో చేత్తో చేసే పని మెదడులో ఈ అలజడిని లేపుతోంది. మైల కాదు, శాపం కాదు, ఎవరి తప్పూ లేదు.

"నా వల్ల కాదుగా సార్?" అంది సుజాత. కాదన్నారు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వెళ్ళి ఆవిడ భుజం పట్టుకున్నాను. మనసులో ఎంత సంతోషపడ్డానో! ఇంకేముంది, మందులు వాడితే తగ్గిపోతుంది, వదిన తన ఇంట్లో తను ఉంటుంది అనుకున్నాను.

చారి మాత్రం అలాగే కూర్చున్నాడు.

"దేవుడు కూడా ఇదే చెప్పాడు సార్, నా బొమ్మ చెయ్యమాక అని. మీ మిషనూ అదే చెప్తంది."

"అలా కాదు చారీ, మందుంది."

"అమ్మవారి కోపమైతే ఎప్పటికన్నా తగ్గిద్దనుకున్నా. బతిమాలుకున్నా. ఇది ఎవరి కోపమూ కాదంటే, నేను ఎవర్ని బతిమాలేది సార్?"

డాక్టరుగారు బిళ్ళలు రాశారు. కొన్నాళ్ళు వాడాక మళ్ళీ ఈఈజీ తీశాం. అదే కుర్చీ, అదే అట్ట. తెర మీద గీతలు తేటగా ఉన్నాయి, కన్ను గీస్తున్నప్పుడు కూడా ఎక్కడా మొన లేదు. "బాగుందన్నా! చానా బాగుంది!" అని అరిచినంత పని చేశాను. ఆయన అట్ట నా వైపు తిప్పాడు. గీసిన గీతంతా సన్నగా వణికిపోయి ఉంది.

ఆ బిళ్ళ వల్ల కొందరికి చెయ్యి వణుకుతుందట. డోసు తగ్గిస్తే వణుకు తగ్గింది, ఎగిరిపడటం మళ్ళీ మొదలైంది. బిళ్ళ మార్చారు. దానికి మనిషి పొద్దస్తమానం మంచంలోనే, లేస్తే చిరాకు. మూడోది పని చెయ్యలేదు. చివరికి మళ్ళీ మొదటిదే. అసలు మానేసి పని చేస్తానని ఒకసారి పట్టుబట్టాడు. "చేతిలో కటింగ్ మిషన్ తిరుగుతుండగా ఫిట్స్ వస్తే?" అని డాక్టరుగారు అడిగారు. సుజాత ఆ మాట పూర్తికాకముందే చెవులు మూసుకుంది. ఇంకొకరు గీసిస్తే మీరు చెక్కొచ్చుగా అని కూడా అడిగారు.

"గీత రాయి పైనే ఉంటది సార్. లోపలికి పోయేకొద్దీ నేనే కొలవాలగా" అన్నాడు.

ఆ మూడో రాయిని వేరే శిల్పులు పట్టుకుపోయారు. అమ్మవారు అందులోంచే వచ్చిందట, ప్రతిష్ఠ కూడా అయిందట. చారి వెళ్ళలేదు. రోళ్ళు కొడుతున్నాడు. సుజాత ఇప్పుడు ఇల్లు వదిలి ఎక్కడికీ పోవడం లేదు. వాళ్ళ మామ మాత్రం ఆవిడ పెట్టిన అన్నం తింటూనే మైల మాట మానలేదు.

నెలా రెండు నెలలకోసారి సుజాత ఫోన్ చేసేది. "కొత్త బిళ్ళేమన్నా వచ్చిందా చెల్లెమ్మా?" డాక్టరుగారిని అడిగేదాన్ని. లేదు. కానీ ఆవిడతో లేదని చెప్పడానికి నాకు నోరొచ్చేది కాదు. "వచ్చిద్దిలే వదినా, కనిపెడతానే ఉంటారుగా" అనేదాన్ని. పేషెంట్లకి ధైర్యం చెప్పాలని కోర్సులో నేర్పారు, పైగా నా నోరు ఊరుకోదు.

పోయినసారి ఫోన్ చారి లాక్కున్నాడు. కోపంగా మాట్లాడలేదు.

"వచ్చిద్ది అనమాక అమ్మాయ్. నువ్వు అట్టా అన్నప్పుడల్లా ఈమె నా ఉలులకి పదును పెట్టించుకొస్తంది. అవి చూస్తా నేను అన్నం తినలేకపోతన్నా."

అటు పక్క సుజాత ఏదో అంటోంది. ఆయన ఆవిడని ఊరుకోమన్నాడు. నా జవాబు కోసమే ఆగి ఉన్నాడని అప్పుడు తెలిసింది.

"రాలేదన్నా" అన్నాను. "వచ్చేట్టు కూడా లేదు."

"అద్గదీ" అని ఫోన్ పెట్టేశాడు.

ఈ ఉద్యోగంలో నేను అన్నిటికన్నా కష్టపడి నేర్చుకున్నది ఆ మాట అనడమే. సుజాత మళ్ళీ ఫోన్ చెయ్యలేదు.