లిఫ్టు బాబాయి నేసిన పట్టీలు

మా ఆఫీసులో లిఫ్టు నడిపే ఆయన్ని అందరూ బాబాయి అనేవారు. ఆయన కంటే పెద్దవాళ్లు కూడా అలాగే పిలిచేవారు. ఆరంతస్తుల భవనం, ఒకటే లిఫ్టు, దానికి మడతలు పడే ఇనుప జాలీ తలుపు, తలుపు పక్కన ఒక స్టూలు. ముప్ఫై ఒక్క ఏళ్లు బాబాయి ఆ స్టూలు మీద కూర్చుని పైకీ కిందకీ తిరిగాడు. "రోజంతా ప్రయాణమే, సాయంత్రానికి మాత్రం ఎక్కిన చోటే దిగుతాను" అని నవ్వేవాడు.

నేను నాలుగో అంతస్తులో టైపిస్టుగా చేరేనాటికే ఆయనకు పట్టీల పిచ్చి పట్టి ఏళ్లయింది. అది పట్టిన తీరు ఆయన నోటివెంటే విన్నాను. ఒకరోజు కరెంటు పోయి లిఫ్టు మూడో అంతస్తుకూ నాలుగో అంతస్తుకూ మధ్య ఆగిపోయింది. లోపల బాబాయి, ఏదో సంతకం కోసం వచ్చిన ఒక రిటైరైన కుట్టు టీచరు. ఆవిడ కంగారుపడలేదు. సంచిలోంచి ఒక అట్టముక్కల కట్ట తీసింది. ఒక్కో అట్టకు నాలుగు మూలలా నాలుగు చిల్లులు, ఒక్కో చిల్లులో ఒక రంగు దారం. దారాల ఒక కొస జాలీకి, రెండో కొస బాబాయి బెల్టుకు కట్టి, "అట్టలన్నీ కలిపి పట్టుకుని పావు మలుపు తిప్పండి" అంది. తిప్పాడు. దారాల మధ్య నోరు తెరుచుకుంది. అందులోంచి అడ్డంగా ఒక దారం దూర్చి, స్కేలుతో గట్టిగా నొక్కి, మళ్లీ తిప్పాడు. కరెంటు వచ్చేసరికి ఆయన నడుము ముందు వేలెడు పొడవు పట్టీ తయారైంది.

"ఏ అంతస్తుకు వెళ్లాలో ఆవిణ్ణి అడగడం కూడా మర్చిపోయానమ్మా" అనేవాడు.

ఆ తర్వాత పనికిరాని ఫైళ్ల అట్టలన్నీ ఆయన దగ్గరికే చేరేవి. వాటిని చతురస్రాలుగా కోసి, మా పంచింగ్ మిషన్‌తోనే చిల్లులు పొడుచుకునేవాడు. లిఫ్టులో ఎవరూ లేనప్పుడు దారాలు చేతికడ్డీకి కట్టుకుని నేసేవాడు. బెల్లు మోగిందంటే దారాలు ఎత్తి పట్టుకుని మమ్మల్ని కింద నుంచి దూరి రమ్మనేవాడు. మా పెద్దాఫీసరు కూడా తల వంచి దూరాల్సిందే. "ఈ ఆఫీసులో ఆయన చేత దణ్ణం పెట్టించుకునేది నేనొక్కణ్ణే" అని బాబాయి తర్వాత మెల్లగా చెప్పేవాడు.

రెండు వేళ్ల వెడల్పు పట్టీ అది. అంతలోనే అలలు, నిచ్చెనమెట్లు, బాణాలు. నాలుగు మలుపులు ముందుకు, నాలుగు వెనక్కి. "దారాలు నేను ఎక్కించినవే, లెక్క నేను వేసుకున్నదే. అయినా బొమ్మ తేలేటప్పుడు ప్రతిసారీ నాకే కొత్తగా ఉంటుంది" అనేవాడు. అలా అంటున్నప్పుడు ఆయన మొహం చూడాలి. అరవైకి దగ్గరపడ్డ మనిషి పదేళ్ల పిల్లాడిలా వెలిగిపోయేవాడు. మా ఐడీ కార్డుల తాళ్లు, కళ్లజోళ్ల తాళ్లు, నా సంచి పట్టీ, అన్నీ ఆయన నేసినవే. అడిగినవాళ్లకు ఇచ్చాడు, అడగనివాళ్లకూ ఇచ్చాడు.

ఆఫీసు వెనక రెండో వీధిలో వాళ్లిల్లు. నా సంచి పట్టీ తెగితే ఒక సాయంత్రం అక్కడికి వెళ్లాను. రెండు గదులు. ముందుగదిలో బల్ల దగ్గర పిన్ని, అంటే బాబాయి భార్య, ఒళ్లో అట్టల కట్ట పెట్టుకుని దారాలు ఎక్కిస్తోంది. బాబాయి పక్కన కూర్చుని కాగితం చూస్తూ, "ఎరుపు, తెలుపు, ఎరుపు, నలుపు" అని చెబుతున్నాడు. ఒక పట్టీకి ఇరవై అట్టలు, అంటే ఎనభై చిల్లులు. ఎనభైలోనూ దారం దూర్చేది పిన్నే. పగలు లాండ్రీలో బట్టలకు గుర్తులు కుట్టే పని, ఇంటికొస్తే ఇది. దాన్లో ఆవిడ చెయ్యి ఉందని అప్పటిదాకా మాకెవరికీ తెలియదు. ఆయన చెప్పలేదు. దాచాలని కాదు, చెప్పాల్సిన సంగతని తోచలేదు, అంతే.

తర్వాత రెండేళ్లకు కాబోలు, అట్టల్లో తప్పులు మొదలయ్యాయి. నలుపు ఉండాల్సిన చోట ముదురు నీలం ఉండేది. అంచు అట్టలో ఒక చిల్లు ఖాళీగా ఉండిపోయేది. మొదట్లో బాబాయి నవ్వి ఊరుకున్నాడు. తర్వాత విసుక్కోవడం మొదలుపెట్టాడు. ఇంట్లో పిన్ని చెయ్యి తగిలి గ్లాసులు దొర్లిపోయేవి. బల్ల మూల తగిలి తొడ కమిలిపోయేది. లాండ్రీలో ఆవిణ్ణి గుర్తులు కుట్టే పని నుంచి తప్పించి మడతపెట్టే పనికి మార్చారు. "నయమేగా, తేలికపని" అన్నాడు బాబాయి. ఎందుకు మార్చారని అడగలేదు.

అదే సమయంలో ఆరో అంతస్తులో కొత్త హాలు కట్టారు. ప్రారంభం రోజున కత్తిరించడానికి రిబ్బను బాబాయే నేయాలని పెద్దాఫీసరు చెప్పాడు. బాబాయి కాళ్లు నేలమీద నిలవలేదు. ముదురు నీలం మీద తెల్ల అలలు, అటూ ఇటూ ఆకుపచ్చ అంచు. పిన్ని దారాలు ఎక్కించింది. లిఫ్టులోని గుడ్డి వెలుతురులో రెండు మూరలు నేసి, బయటికొచ్చి చూసుకుంటే, ఎడమ అంచు పొడవునా పచ్చదారం, నీలందారం కలగాపులగం.

ఇంటికెళ్లి ఆ పట్టీని పిన్ని ముందు పడేశాడు.

"కళ్లు కనిపించట్లేదా నీకు? పచ్చకీ నీలానికీ తేడా తెలియదా?"

"ఈమధ్య లైటు మసగ్గా ఉంటోందండీ…"

"లైటుకేం, భేషుగ్గా ఉంది. ధ్యాస లేదని చెప్పు."

పిన్ని దారాలన్నీ విప్పి, మర్నాడు కిటికీ దగ్గర కూర్చుని, ఒక్కో చిల్లూ వేలితో తడుముకుంటూ మళ్లీ ఎక్కించింది. రిబ్బను అందంగా వచ్చింది. పెద్దాఫీసరు దాన్ని కత్తిరించాడు, మేమంతా చప్పట్లు కొట్టాం.

పదకొండు నెలల తర్వాత వీధి దాటుతుంటే పక్కనుంచి వచ్చిన సైకిలు పిన్నిని పడగొట్టింది. మణికట్టు విరిగింది. కట్టు కట్టిన డాక్టరుకు ఏదో అనుమానం వచ్చి కంటి డాక్టరు దగ్గరికి పంపాడు.

ఆ తర్వాత వారం దాకా బాబాయి పనికి రాలేదు. వచ్చిన రోజు లిఫ్టులో ఉన్నది నేనొక్కదాన్నే. రెండో అంతస్తు దాటాక లిఫ్టు ఆపేశాడు.

"నీటికాసులట అమ్మాయ్. నొప్పీ గిప్పీ ఏమీ ఉండదట. చూపు పక్కలనుంచి మూసుకుంటూ వస్తుందట. పోయింది తిరిగి రాదు, మిగిలింది నిలబెడదాం అన్నాడు డాక్టరు. రంగులు కలిసిపోవడం, పక్కనున్నవి తగలడం, ఇంట్లో ఎవరూ గమనించలేదా అని అడిగాడు. ముందే తీసుకొస్తే చాలావరకు దక్కేదట."

జాలీ అవతలి గోడకేసి చూస్తూ మళ్లీ అన్నాడు.

"కళ్లు కనిపించట్లేదా అని అడిగాను కదమ్మా. అడగడమైతే నోరారా అడిగాను. జవాబు కోసం ఆగలేదు."

పైనుంచి ఎవరో బెల్లు నొక్కుతూనే ఉన్నారు. చాలాసేపటికి ఆయన హ్యాండిలు తిప్పాడు.

ఆ రోజునుంచి లిఫ్టులో దారాలు కనిపించలేదు. ఎవరైనా పట్టీ అడిగితే "తీరిక లేదు" అనేవాడు. స్టూలు మీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మనిషికి తీరిక లేదంటే ఎవరు నమ్ముతారు? అయినా ఎవరూ రెట్టించలేదు. ఏడాదిలోపే బటన్లు నొక్కితే నడిచే కొత్త లిఫ్టు వచ్చింది. బాబాయిని ఇంటికి పంపేశారు.

మొన్న వాళ్లను చూడ్డానికి వెళ్లాను. పిన్నికి ఇప్పుడు ఎదురుగా, గొట్టంలోంచి చూసినట్టు, కాస్త మాత్రమే కనిపిస్తుంది. నా గొంతు గుర్తుపట్టి నవ్వింది. "మీ బాబాయి నేత మానేశాడు, నువ్వైనా చెప్పు" అంది.

"మానేశాక ఒకసారి కూర్చున్నాను" అన్నాడు బాబాయి పిన్నితో. "ఎనభై చిల్లులకూ దారం నేనే ఎక్కించాను. మూడు సాయంత్రాలు పట్టింది, మెడ పట్టేసింది. పద్నాలుగేళ్లు ఆ పని నీ చేత చేయించాను. నీకిష్టం కదా అనుకున్నాను."

"ఇష్టమా!" పిన్ని గట్టిగా నవ్వేసింది. "ఆ అట్టలంటే నాకు పరమ చిరాకు."

బాబాయి తెల్లబోయాడు. "మరి ఎందుకు చేశావు?"

"పగలంతా లిఫ్టులో ఊరందరితో మాట్లాడి వచ్చేవారు. ఇంటికొస్తే నోరు విప్పేవారు కాదు. దారాలు ఎక్కించేటప్పుడు మాత్రం ఎరుపు, తెలుపు, ఎరుపు అంటూ గంటసేపు నాతో మాట్లాడేవారు." ఆవిడ మామూలుగానే చెప్పింది, నిష్ఠూరమేమీ లేదు. "అదైనా ఉందిగా అనుకునేదాన్ని."

బాబాయి లేచి వంటగదిలోకి వెళ్లాడు. కాసేపటికి టీ తెచ్చి, ఒక గ్లాసు ఆవిడ చేతికి అందించి, వేళ్లు సరిగ్గా పట్టుకునేదాకా వదల్లేదు.

నేను బయల్దేరుతుంటే వాళ్లూ నడకకు వచ్చారు. రోజూ వెళతారట. బాబాయి ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపకుండా చెబుతూనే ఉన్నాడు. మందుల షాపుకు కొత్త బోర్డు పెట్టారు, దర్జీ కొట్టు మూసి ఉంది, మేడమీద ఎవరో పసుపుపచ్చ దుప్పటి ఆరేశారు. పిన్ని ఊ కొడుతూ నడుస్తోంది. "ఇన్ని మాటలు ఇన్నాళ్లూ ఎక్కడ దాచారండీ?" అంది ఒకచోట.

నాలుగడుగుల ముందు రోడ్డు మీద గుంట ఉంది. బాబాయి "చూసి నడు…" అనబోయి, ఆ మాట మింగేసి, "కాస్త ఆగు" అన్నాడు.