ఏసురత్నం సారు అడిగిన మామిడి ముక్క

ఏసురత్నం సారు పాఠం నాకు మాటల్లో కంటే దెబ్బల్లోనే ఎక్కువ వినపడేది. మల్కాజ్‌గిరిలో మాది చిన్న ప్రైవేటు బడి. ఆయన బయాలజీ, నేను తెలుగు. మా గదుల మధ్య ఉన్నది ఒక ప్లైవుడ్ చెక్క. నేను పద్యం సగంలో ఉండగా అటు నుంచి స్కేలు ఫట్టుమనేది, ఇటు నా పిల్లలు చేతులు వెనక్కి లాక్కునేవాళ్లు. బెత్తం వాడకూడదని పైనుంచి ఉత్తర్వు వచ్చాకే ఆయన స్కేలుకు మారాడు. చట్టాన్ని గౌరవించే మనిషి మరి.

చెడ్డవాడని అనను. కార్ఖానా ఏరియాలోని ఇంటి నుంచి ఎండలో స్కూటర్ మీద వచ్చేవాడు, ఫీజు కట్టలేని పిల్లలకు సాయంత్రాలు ఊరికే చెప్పేవాడు. ఒకడికి కళ్లజోడు కొనిపెట్టాడు, వాడినే మర్నాడు వీపు వాచేలా బాదాడు. "దెబ్బ పడితేనే బుర్రకెక్కుతుంది మేడమ్. మా నాన్న నన్నలాగే మనిషిని చేశాడు" అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. ఆ చేసిన మనిషి ఎలా ఉన్నాడో కళ్లెదుటే కనపడుతోంది కదా.

డిఫ్యూజన్‌నూ ఆస్మోసిస్‌నూ కలగాపులగం చేస్తే ఆయనకు పూనకమే. ఈ జూన్‌లో తొమ్మిదో తరగతి మొత్తం ఆ పని చేసింది. మూలన అగరుబత్తి వెలిగిస్తే గదంతా వాసన పరుచుకోవడం ఆస్మోసిస్ అని రాశారు. ఆ రోజు కొట్టి కొట్టి స్కేలు విరగ్గొట్టాడు. "రేపు ఒక్కొక్కరూ ఇంట్లోంచి ఆస్మోసిస్ పట్టుకురండి. ఖాళీ చేతులతో వచ్చారో, ఆ చేతులు ఉండవు" అని అరిచాడు.

మర్నాడు కొందరు నానబెట్టిన కిస్‌మిస్‌లు తెచ్చారు, కొందరు ఏమీ తేక దెబ్బలు తిన్నారు. కల్పలత అనే పిల్ల గిన్నెలో రెండు మామిడి ముక్కలు తెచ్చింది. ఒకటి పచ్చిది, గట్టిగా ఉంది. రెండోది ఊరగాయ కోసం ఉప్పులో ఊరేసింది. ముడుచుకుపోయి ఉంది, గిన్నె అడుగున దాని ఊట.

"ముక్క లోపలి నీళ్లు పొర దాటి ఉప్పు దిక్కు వచ్చినయ్ సార్. గిది ఆస్మోసిస్. డిఫ్యూజన్‌కు పొర ఉండాల్నని లేదు. ఏదైనా సరే ఎక్కువున్న కాడి నుంచి తక్కువున్న కాడికి పరుచుకుంటది, అగరుబత్తి వాసన లెక్క."

సారు శభాష్ అన్నాడు. ఆ గదిలోంచి ఆ మాట రావడం నేను మొదటిసారి విన్నాను. తర్వాత కల్పలత బడికి రావడం మానేసింది.

సంగతి పక్క బెంచీ జోయా మా ఇద్దరికీ చెప్పింది. ముక్క తీసిన రోజు కల్పలతకు నెలసరి. వాళ్లింట్లో ఆ రోజుల్లో ఆడపిల్ల ఊరగాయ జాడీ దరిదాపులకు పోకూడదు, ముట్టుకుంటే ఏడాది పచ్చడంతా చెడిపోతుందంటారు. జాడీకి కట్టిన గుడ్డ ముడి మారిందని నాయనమ్మ కనిపెట్టింది. తండ్రి పురుషోత్తం ఇనుప గరిటె అందుకున్నాడు. మణికట్టు విరిగింది. ఇక చదువు బంద్ అన్నాడు.

ఏసురత్నం సారు ముఖం నల్లబడింది. ఆ సాయంత్రం వాళ్లింటికి బయల్దేరితే, ఏం చేసి వస్తాడోనని నేనూ వెంటపడ్డాను.

పురుషోత్తానికి స్టేషన్ దగ్గర సూట్‌కేసులు బాగుచేసే దుకాణం. మేం వెళ్లేసరికి మేడ మీద వాళ్లింటి గుమ్మంలోనే ఉన్నాడు.

"పిల్ల చెయ్యి ఎవరు విరగ్గొట్టారు?" అన్నాడు సారు.

"నా బిడ్డ, నా ఇష్టం. నీకేంది?"

సారు అతని కాలర్ పట్టుకున్నాడు. పురుషోత్తం సారు మొహం మీద గుద్దాడు. సారు కళ్లజోడు పగిలి మెట్ల మీద పడింది. సారు అతన్ని గోడకేసి కొట్టాడు, మళ్లీ కొట్టాడు. అడ్డం వెళ్లిన నాకు మోచేయి తగిలి పెదవి చిట్లింది. "జాడీ మొత్తం మోరీల పారవోసిన" అని లోపల్నుంచి ముసలమ్మ శాపనార్థాలు. ఇద్దరికీ రక్తం కారుతోంది, ఒక్కడూ ఆగడు. ఇద్దరినీ మెట్ల మీంచి తోసేయాలనిపించింది నాకు.

అప్పుడు కల్పలత కట్టు కట్టిన చేత్తో బయటికి వచ్చింది.

"రేపట్నుంచి బడికి రావాలమ్మా. ఎవడు ఆపుతాడో చూస్తా" అన్నాడు సారు రొప్పుతూ.

"తెల్సి ఎందుకు ముట్టినవే? గది చెప్పు ముందుగాల" అన్నాడు తండ్రి.

పిల్ల ఇద్దరినీ చూసింది. ఏడవలేదు.

"తేకపోతే సార్ కొడ్తడు. ముడితే నువ్వు కొడ్తవ్. నువ్వయితే ఇంట్లనే కొడ్తవ్ నాయనా, సార్ అందరి ముందట కొడ్తడు. గందుకే ముట్టిన."

సారు చెయ్యి కాలర్ మీంచి జారింది.

"నేను గా బడికి రాను సార్. గీ ఇంట్ల సుత ఉండను." నా వైపు తిరిగింది. "మేడమ్, యాప్రాల్‌ల మా మేనత్త ఉన్నది. ఆడికెళ్లి వేరే బడికి పోత. నన్ను దించుతరా?"

నేను సరే అన్నాను. లోపలికి పోయి పుస్తకాల సంచీ, రెండు జతల బట్టలు తెచ్చుకుంది. పురుషోత్తం నోరు తుడుచుకుంటూ, ఇంతసేపూ తను గుద్దిన మనిషి వైపే తిరిగాడు. "సార్, మీరన్న జెర చెప్పుండ్రి" అన్నాడు.

ఏసురత్నం సారు మెట్లకు ఒక పక్కకు జరిగాడు, తండ్రి ఇంకో పక్కకు జరిగాడు. మేమిద్దరం వాళ్ల మధ్యలోంచి కిందికి దిగాం.